అనుమానం నుంచి లెక్క దాకా: ఎన్నికల డబ్బూ, మనమూ

(చేవెళ్ల, మొయినాబాద్ మండలాల మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికల్లో డబ్బు గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎవరు ఎంత పంచారో, ఎవరి ఇంట్లో పెట్టి పంచారో, ఏ వాడకు ఇచ్చి ఏ వాడకు ఎగ్గొట్టారో మీకు తెలిసినంతగా ఏ పత్రికకూ, ఏ అధికారికీ తెలియదు. మనకు తెలియనిది వేరే ఉంది. ఆ డబ్బు ఎక్కడ బయల్దేరింది? ఎవరెవరి చేతుల మీదుగా మన గడప దాకా వచ్చింది? ఎన్నికలయ్యాక ఎవరి దగ్గర వసూలవుతుంది? ఈ మూడు ప్రశ్నలకూ మన దగ్గరున్నవి అనుమానాలే. అనుమానించడం తప్పు కాదు. కానీ అక్కడే ఆగిపోతే అది బస్టాండు దగ్గర చెప్పుకునే కబురుగా మిగిలిపోతుంది. అనుమానాన్ని లెక్కగా ఎలా మార్చాలన్నదే ఇవాళ నేను మీతో మాట్లాడదలచుకున్న విషయం.

మొయినాబాద్ పేరు దేశమంతా మారుమోగిన రోజు నుంచి మొదలుపెడతాను. 2022 అక్టోబరు 26 రాత్రి అజీజ్‌నగర్ దగ్గరి ఒక ఫాంహౌస్ మీద సైబరాబాద్ పోలీసులు దాడి చేశారు. అప్పటి అధికార పక్షం టీఆర్ఎస్‌కు చెందిన నలుగురు శాసనసభ్యులు పైలట్ రోహిత్ రెడ్డి, గువ్వల బాలరాజు, బీరం హర్షవర్ధన్ రెడ్డి, రేగా కాంతారావు అక్కడ ఉన్నారు. పార్టీ మారితే తనకు 100 కోట్లు, తనతో వచ్చేవారికి 50 కోట్ల చొప్పున ఇస్తామని ఆశ చూపారని రోహిత్ రెడ్డి ఇచ్చిన ఫిర్యాదు మీద మొయినాబాద్ పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. ముగ్గురిని అరెస్టు చేశారు. ఇది బీజేపీ చేయించిన పని అని టీఆర్ఎస్, ఇదంతా టీఆర్ఎస్ ఆడించిన నాటకమని బీజేపీ అన్నాయి. మునుగోడు ఉప ఎన్నిక పోలింగ్ జరిగిన నవంబరు 3 సాయంత్రం అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వీడియోలు బయటపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. డిసెంబరు 26న హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించమంది. 2023 ఫిబ్రవరి 6న డివిజన్ బెంచి ఆ తీర్పును సమర్థించింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

ఎవరు నిజం, ఎవరు అబద్ధం అని నేను తీర్పు చెప్పబోవడం లేదు. అది న్యాయస్థానం పని. నేను అడిగేది వేరు. ఆ నెలల్లో ఎన్ని చర్చలు జరిగాయి! ఏ పార్టీ ఎవరిని ఇరికించింది, ఏ స్వామీజీ ఎవరితో మాట్లాడాడు, ఫోనులో ఎవరి గొంతు వినిపించింది, అన్నీ చర్చించారు. వందల కోట్లు అన్నమాట నిజమే అయితే అంత డబ్బు ఎవరి ఖజానాలోంచి వస్తుంది, ఎవరు ఎందుకు సమకూరుస్తారు అన్న ప్రశ్న మాత్రం మూలన పడిపోయింది. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆ నలుగురిలో ముగ్గురు, రోహిత్ రెడ్డి, హర్షవర్ధన్ రెడ్డి, కాంతారావు, 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచి 2019లో టీఆర్ఎస్‌లోకి వెళ్ళినవారే. 2023 డిసెంబరులో నలుగురూ ఓడిపోయారు. చేవెళ్ల శాసనసభ్యుడు కాలె యాదయ్య 2023లో బీఆర్ఎస్ తరఫున గెలిచి 2024 జూన్‌లో కాంగ్రెస్‌లో చేరారు. ఈ మార్పుల్లో డబ్బు చేతులు మారిందని నేను అనడం లేదు, నా దగ్గర అలాంటి ఆధారం లేదు. ఎందుకు మారారో ఓటు వేసినవారికి వచ్చి చెప్పాలన్న నియమం ఎక్కడా లేదని మాత్రం అంటున్నాను. కారణం చెప్పనప్పుడు జనం అనుమానిస్తారు. ఆ అనుమానానికి జవాబు చెప్పుకోవలసింది జనం కాదు.

ప్రజాప్రతినిధి డబ్బు తీసుకుని సభలో ఓటు వేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న మన తెలుగువాడైన ప్రధాని పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద 1993లో వచ్చిన అవిశ్వాస తీర్మానం దగ్గర పుట్టింది. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు డబ్బు తీసుకుని ప్రభుత్వానికి ఓటేశారన్న కేసు అది. నరసింహారావుకు 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా తేల్చింది. అంతకు ముందే 1998లో సుప్రీంకోర్టు అదే కేసులో, లంచం తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇరవై ఆరేళ్ళు చెల్లింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అంటే ఇరవై ఆరేళ్ళ పాటు ఊళ్ళో అయిదు వందల నోటు పుచ్చుకున్న ఆడమనిషి చట్టం ముందు నేరస్తురాలు. సభలో ఓటు అమ్ముకున్న సభ్యుడికి రక్షణ.

మాట అనిపించుకునేది ఎవరు?

2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నికకు ముందు జరిగినది మీరంతా టీవీల్లో చూశారు. పక్క ఇళ్ళకు ఆరేసి వేల కవర్లు వచ్చాయి, మాకెందుకు రాలేదని జనం రోడ్డు మీదకు వచ్చారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఆ దృశ్యం చూసి రాష్ట్రమంతా నవ్వింది. ఆడవాళ్ళు సిగ్గు లేకుండా అడుగుతున్నారని రాశారు, మాట్లాడారు. కవర్లు పంపినవాళ్ళ సిగ్గు గురించి ఎవరూ అడగలేదు. నాకు మాత్రం ఆ ఆడవాళ్ళు తెలియకుండానే ఒక పెద్ద పని చేశారనిపించింది. నాలుగు గోడల మధ్య జరిగే పంపకాన్ని పట్టపగలు రోడ్డు మీద పెట్టారు. ఇంటికి ఎంత, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నీ చెప్పారు. అంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? ఆ సాక్ష్యాన్ని పట్టుకుని మూలానికి వెళ్ళవలసినవాళ్ళు వెళ్ళలేదు.

మూలానికి వెళ్తే కేసు నిలబడదా? నిలబడుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో బూర్గంపహాడ్‌లో ఓటర్లకు 500 రూపాయల చొప్పున పంచుతున్న ఒక వ్యక్తిని అధికారులు పట్టుకున్నారు. ఆ కేసులో మహబూబాబాద్ ఎంపీ మాలోత్ కవితకు 2021 జులై 24న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఆరు నెలల జైలు, పది వేల జరిమానా విధించింది. ఓటర్లకు డబ్బు పంచిన కేసులో పదవిలో ఉన్న ఎంపీకి శిక్ష పడడం అదే మొదటిసారి అని పత్రికలు రాశాయి. ఆమె పై కోర్టుకు వెళ్ళారు. నేను మరొకటి కూడా గమనించాను. ఇన్ని ఎన్నికల్లో, ఇంతమంది మగ నాయకుల్లో, మొదట శిక్ష పడింది ఒక గిరిజన మహిళకు. తప్పు చేసినవారు ఆడవారైతే వదిలేయమని నేను అనను. కానీ మిగతావారి దాకా చట్టం ఎందుకు వెళ్ళలేదని అడగాలి.

చట్టంలో ఉన్న సందులు

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. 2022 జనవరి నుంచి మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం ఏ హద్దూ లేదు. 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ఢిల్లీ ఎన్నిక కేసులో, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందని చెప్పింది. కొద్ది వారాలకే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ తీర్పును పనికిరాకుండా చేసింది. 2003లో ఆ సందును కొంత కుదించారు. అయినా పెద్ద నాయకుల ప్రయాణ ఖర్చులూ, అభ్యర్థి పేరెత్తకుండా పార్టీ చేసుకునే ప్రచారమూ ఇప్పటికీ అభ్యర్థి లెక్కలోకి రావు.

మరి అభ్యర్థి అనుమతి లేకుండా వేరే ఎవరో అతని కోసం ఖర్చు పెడితే? అది నేరమే. పాత శిక్షాస్మృతిలో దానికి జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా 500 రూపాయలు. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాన్ని 10 వేలు చేశారు. ఎన్నికల లెక్క సరిగా రాయకపోతే పాత జరిమానా 500, ఇప్పుడు 5 వేలు. ఒక సభకు జనాన్ని తోలే డీసీఎం బండ్ల కిరాయి కూడా ఇంతకన్నా ఎక్కువే. ఓటుకు డబ్బు ఇస్తే, తీసుకుంటే, ఇద్దరికీ ఏడాది దాకా జైలు పడవచ్చు. అంటే చట్టం ఇద్దరినీ సమానంగా చూస్తోందన్నమాట. కోట్లు కుమ్మరించినవాడినీ, కూలి పోయిన రోజున చేతిలో పెట్టిన నోటు తీసుకున్నామెనూ ఒకే గాటన కట్టేసింది. అందువల్ల తీసుకున్నామె సాక్ష్యం చెప్పడానికి భయపడుతుంది. ఆమె భయమే ఇచ్చినవాడికి రక్షణ.

ఇక పార్టీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? 20 వేలకు మించి ఇచ్చినవారి వివరాలు పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పాలి. నగదుగా అయితే ఒకరి దగ్గర 2 వేలకు మించి తీసుకోకూడదని 2017లో నియమం పెట్టారు. బాగానే ఉంది అనుకునేలోపు అదే ఏడు ఎన్నికల బాండ్లు తెచ్చారు. కంపెనీ స్టేట్ బ్యాంకులో బాండు కొంటుంది, పార్టీకి ఇస్తుంది, ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసి, వివరాలన్నీ బయటపెట్టమంది. మార్చిలో అవి బయటికి వచ్చాయి. మన హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ కంపెనీ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో నిలిచింది. అందులో సుమారు 584 కోట్లు బీజేపీకి, 195 కోట్లు బీఆర్ఎస్‌కు చేరాయి. 2019 ఏప్రిల్ నుంచి మొత్తం మీద బీజేపీకి 6 వేల కోట్లకు పైగా, కాంగ్రెస్‌కు 1,400 కోట్లకు పైగా, ఒక్క రాష్ట్రంలో ఉన్న బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా వచ్చాయి. కాళేశ్వరం వంటి ప్రాజెక్టుల్లో పెద్ద పనులు చేసిన కంపెనీ పార్టీలకు ఎంత ఇచ్చిందో మనకు తెలియడానికి సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగవలసి వచ్చింది. ఇచ్చిన డబ్బుకూ వచ్చిన పనికీ సంబంధం ఉందా లేదా అన్నది వేరే విచారణ. కానీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకునే హక్కు ఓటరుకు ఉండాలా, వద్దా? ఉండాలని ఆ తీర్పు చెప్పింది. నాకు దానిలో అన్నిటికన్నా విలువైన మాట అదే.

బాండ్లు పోయినా నగదు పోలేదు. 2023లో మన శాసనసభ ఎన్నికల సమయంలో ఐదు రాష్ట్రాల్లో పట్టుకున్న నగదు, మద్యం, బంగారం, కానుకల విలువ 1,760 కోట్లని నవంబరు 20న ఎన్నికల సంఘం ప్రకటించింది. అందులో తెలంగాణ వాటా 659 కోట్లు, ఐదింటిలోకీ ఎక్కువ. ఇది పట్టుబడినది. పట్టుబడనిది ఎంతో మీరే ఊహించుకోండి. ఈ తనిఖీల్లో మన ఆడవాళ్ళు పడే బాధ కూడా ఉంది. పూలు, కూరగాయలు అమ్ముకుని వచ్చే అక్క దగ్గర, ఆసుపత్రికి డబ్బు తీసుకుపోయే తల్లి దగ్గర కాగితాలేవని అడుగుతారు. అలా పట్టుకున్న డబ్బును విడిపించుకోవడానికి ప్రతి జిల్లాలో ఎన్నికల సమయంలో ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. ఆ సంగతి మన సంఘాలు ముందుగానే అందరికీ చెప్పాలి.

పెట్టిన డబ్బు ఎక్కడ వసూలవుతుంది?

ఎవరూ ఊరికే డబ్బు పెట్టరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించినప్పుడు వాళ్ళకు పెద్ద చదువులేమీ లేవు. మగవాళ్ళ కూలి డబ్బు సారా కొట్టుకు పోతోంది, ఆ డబ్బు కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు నుంచి నాయకుడికి పోతోందని అర్థం చేసుకున్నారు. అందుకే తాగేవాళ్ళతో కొట్లాడి ఊరుకోకుండా సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. అది వేరే కథ. ఆ ఉద్యమం నుంచి మనం నేర్చుకోవలసింది ఇది. డబ్బు మన ఇంటికి వచ్చే చోట కాక, డబ్బు మలుపు తిరిగే చోట నిలబడాలి.

మన ప్రాంతంలో ఆ మలుపు భూమి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్ తదితర మండలాల్లోని 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. ఆ ఆంక్షల వల్ల భూమి ధర పెరగలేదని చిన్న రైతులు తక్కువకు అమ్ముకున్నారు. కొన్నవారు ఎదురు చూశారు. ఫాంహౌసులు వెలిశాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ద్వారా ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు చెప్పింది. ఒక్క కాగితంతో ఎకరం విలువ మారిపోయే చోట, ఆ కాగితం మీద సంతకం పెట్టే అధికారం ఎంత విలువైనదో ఆలోచించండి. ఎన్నికల్లో డబ్బు పెట్టేవారికి ఆ లెక్క తెలుసు. మనకు తెలియకూడదని వాళ్ళ కోరిక. ఈ జీవోల వెనుక ముడుపులున్నాయని నేను ఆరోపించడం లేదు. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది ప్రతి జీవో వచ్చినప్పుడూ మనం రాసిపెట్టుకోవాలంటున్నాను. ఆ భూముల్లో పూలు కోసి, కలుపు తీసి బతికిన కూలి ఆడవాళ్ళ పేర్లు ఏ రిజిస్ట్రేషన్ కాగితంలోనూ ఉండవు కదా.

డబ్బు స్త్రీలను ఇంకొక విధంగా కూడా బయటికి నెడుతుంది. చేవెళ్ల లోక్‌సభ స్థానం 2008లో ఏర్పడింది. ఇప్పటికి నాలుగు ఎన్నికలు జరిగాయి, ఒక్క స్త్రీ కూడా గెలవలేదు. 2024లో గెలిచిన కొండా విశ్వేశ్వర్ రెడ్డి తన ప్రమాణపత్రంలో చూపిన కుటుంబ ఆస్తి 4,500 కోట్లకు పైనే. ఆస్తి ఉండడం నేరం కాదు, ఉన్నది చూపినందుకు ఆయనను తప్పుపట్టలేం. కానీ అటువంటి చోట నిలబడాలని ఒక ఆశా కార్యకర్త, ఒక అంగన్‌వాడీ టీచరు కలలోనైనా అనుకోగలదా? 2023లో శాసనసభకు గెలిచిన 119 మందిలో స్త్రీలు 10 మందే. మహిళా రిజర్వేషన్ల రాజ్యాంగ సవరణ 2023లో వచ్చింది, అమలు నియోజకవర్గాల పునర్విభజన తర్వాత అన్నారు. డబ్బు సంగతి తేల్చకుండా ఆ రిజర్వేషన్ వస్తే, సీట్లు డబ్బున్న ఇళ్ళ కోడళ్ళకే పోతాయి.

పంచాయతీల్లో మనకు సగం స్థానాలున్నాయి. అక్కడ ఏం జరుగుతోంది? 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికల్లో, అయిదు వేలు దాటిన జనాభా ఉన్న గ్రామంలో సర్పంచి అభ్యర్థి ఖర్చు హద్దు రెండున్నర లక్షలు, తక్కువ జనాభా ఉన్న గ్రామంలో లక్షన్నర. ఆ హద్దులో ఎంతమంది ఉన్నారో ఎవరి ఊరి సంగతి వారికి తెలుసు. కొన్ని చోట్ల ఏకగ్రీవం పేరుతో పదవినే వేలం వేశారన్న ఫిర్యాదులు ప్రతి పంచాయతీ ఎన్నికల్లోనూ వస్తాయి. గుడి కట్టిస్తాను, ఇంత డబ్బు ఇస్తాను అని పాట పాడతారు. పాట పాడేది భర్త, పేరు భార్యది. ఎన్నికలైన తర్వాత అప్పు మాత్రం ఇద్దరిదీ. పుస్తెలతాడు కుదువ పెట్టింది ఆమె, చెక్కు మీద సంతకం పెట్టేది ఆమె, తప్పు బయటపడితే నోటీసు వచ్చేది ఆమె పేరు మీద. ఎన్నికల అప్పు తీర్చడానికి పంచాయతీ పనుల్లో చేతివాటం చూపమని ఇంట్లోవాళ్ళే ఒత్తిడి చేస్తే ఆమె ఏం చేయాలి? దాచిన ఖర్చు అన్నది స్త్రీల మీద హింసగా మారే చోటు ఇది. మన పత్రికలు కట్నం గురించి రాసినంతగా ఈ అప్పు గురించి కూడా రాయాలి.

మనం ఏం చేయగలం?

మీలో చాలామంది పొదుపు సంఘాలు నడిపినవారు. వారం వారం వసూలైన పది రూపాయలకు కూడా పుస్తకంలో పద్దు రాసి, అందరి ముందూ చదివి, సంతకాలు పెట్టించినవారు. లెక్క తేలకపోతే లేచి వెళ్ళనివ్వరు. అదే పని ఎన్నికల లెక్కతో చేయమంటున్నాను.

మొదటిది. ఎన్నిక ప్రకటించగానే కలెక్టరు కుర్చీకి ఇంత, షామియానాకు ఇంత, టీకి ఇంత, భోజనానికి ఇంత, బండికి ఇంత అని ధరల పట్టిక ప్రకటిస్తారు. ఆ పట్టిక సంపాదించండి. మీ ఊళ్ళో జరిగిన సభకు ఎన్ని కుర్చీలు, ఎన్ని బండ్లు, ఎన్ని బిర్యానీ పొట్లాలు, తేదీతో సహా రాసుకోండి. ఇంటింటికీ పంచిన నోటు సంగతి రుజువు చేయడం కష్టం. అందరూ చూసిన కుర్చీలను ఎవరూ కాదనలేరు.

రెండోది. ఫలితం వచ్చిన 30 రోజుల్లో శాసనసభ, లోక్‌సభ అభ్యర్థులు తమ ఖర్చు లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇచ్చిన రెండు రోజుల్లో ఆ సంగతి నోటీసు బోర్డులో పెట్టాలి. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం ప్రకారం ఎవరైనా ఒక్క రూపాయి రుసుము కట్టి ఆ లెక్కను చూడవచ్చు. నకలు కూడా తీసుకోవచ్చు. చేవెళ్ల నుంచి కొంగరకలాన్‌లోని కలెక్టరేటుకు పోయిరావడానికి ఒక రోజు కూలి పోతుంది. అందుకే ఇది ఒక్కరి పని కాదు, సంఘం పని. ముగ్గురు వెళ్ళండి, చార్జీలు సంఘం పెట్టుకోవాలి. మీ నోటుబుక్కులో ఉన్న కుర్చీలు ఆ లెక్కలో ఉన్నాయో లేదో చూడండి.

మూడోది, గడువు. ఎన్నిక చెల్లదని హైకోర్టులో పిటిషన్ వేయడానికి ఫలితం వచ్చిన నాటి నుంచి 45 రోజులే గడువు. లెక్క ఇవ్వడానికి 30 రోజులు పోతే మనకు మిగిలేది 15 రోజులు. అందుకే ముందే రాసిపెట్టుకోమంటున్నాను. ఆ గడువు దాటినా దారి పూర్తిగా మూసుకుపోదు. అభ్యర్థి ఇచ్చిన లెక్క నిజమా కాదా అని విచారించే అధికారం ఎన్నికల సంఘానికి ఉందని మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అశోక్ చవాన్ కేసులో 2014 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. లెక్క సరైన పద్ధతిలో ఇవ్వని అభ్యర్థిని మూడేళ్ళ పాటు పోటీకి అనర్హుడిగా ప్రకటించవచ్చు.

నాలుగోది, పంచాయతీలు. సర్పంచి, వార్డు అభ్యర్థులు గెలిచినా ఓడినా 45 రోజుల్లో లెక్క ఇవ్వాలి. మన సంఘం తరఫున నిలబడిన అక్కలకు ఆ లెక్క రాయడంలో సాయం చేయండి. లెక్క ఇవ్వకపోతే ముందు వేటు పడేది వెనుక ఎవరూ లేని ఆడవాళ్ళ మీదే. గెలిచిన మహిళా సర్పంచి తన లెక్కను తానే గ్రామసభలో చదివితే, ఆ తర్వాత శాసనసభ్యుడిని కూడా అలాగే అడిగే హక్కు ఊరికి వస్తుంది.

అయిదోది, భయం. ఫిర్యాదు చేస్తే పింఛను ఆగిపోతుందేమో, ఇందిరమ్మ ఇల్లు రాదేమో అన్న భయం ఉత్తది కాదు. అందుకే ఒక్క మనిషి పేరు మీద ఏదీ వెళ్ళకూడదు. ఎన్నికల సమయంలో సీ విజిల్ యాప్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పంపవచ్చు. మిగతా కాగితాలన్నీ సంఘం తీర్మానంగా, అందరి సంతకాలతో వెళ్ళాలి. డబ్బు తీసుకున్న అక్క పేరు మన కాగితంలో ఎక్కడా రాకూడదు. పేదామెను సాక్షిగా నిలబెట్టి దోషిగా చేయడం మన పద్ధతి కాదు. తీసుకున్నామెను వదిలేసి పెట్టినవాడి లెక్క అడగడం మన పద్ధతి.

ఇలా చేస్తే ఎన్నికల్లో డబ్బు ఆగిపోతుందా అని ఒక చెల్లెలు భోజనాల దగ్గర అడిగింది. ఆగదు. మూడు ఊళ్ళ ఆడవాళ్ళు నోటుబుక్కులు పట్టుకుంటే వందల కోట్ల వ్యవహారం ఆగదు. కానీ ఇప్పటిదాకా అభ్యర్థుల లెక్కలు చదివేవాళ్ళు లేరన్న ధీమాతో రాస్తున్నారు. చదివేవాళ్ళు ఉన్నారని తెలిస్తే రాసే చెయ్యి కొంచెం తడబడుతుంది. ఒక్క నియోజకవర్గంలో, ఒక్క ఎన్నికలో, ఒక్క అభ్యర్థి లెక్కలో ఇన్ని కుర్చీలు తక్కువ చూపారని మనం కాగితం మీద పెట్టగలిగితే, అది వంద ఉపన్యాసాల కన్నా మేలు. మనల్ని చూసి పక్క నియోజకవర్గం నేర్చుకుంటుంది.

మధ్యాహ్నం మీరు బృందాలుగా కూర్చున్నప్పుడు ఒక్క పని చేయండి. మీ ఊళ్ళో పోయిన ఎన్నికలో జరిగిన ఒక్క సభను గుర్తు చేసుకుని, కుర్చీలూ బండ్లూ భోజనాలూ లెక్కగట్టి, ఒక కాగితం మీద రాయండి. ఎంత తెలుసో మీకే అర్థమవుతుంది. వచ్చే ఎన్నికకు ఆ కాగితమే మన మొదటి పేజీ. సెలవు.